లేని కప్పు వెంట: వాట్‌ఫర్డ్ నుంచి సెల్‌హర్స్ట్ దాకా

2020 ఫిబ్రవరి 24, సోమవారం, వాట్‌ఫర్డ్

లండన్‌కు వాయవ్యాన ఉన్న వాట్‌ఫర్డ్ పట్టణంలో మా మేనల్లుడి ఇంటికి చేరేసరికి చీకటి పడింది. నా ప్రయాణపు బడలిక తీరకముందే అతడు టీవీ పెట్టాడు. సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో లివర్‌పూల్ ఫుట్‌బాల్ జట్టు ఒక దశలో వెస్ట్ హామ్ కంటే 1–2తో వెనకబడి, చివరకు 3–2తో గట్టెక్కింది. లీగ్‌లో దానికది వరుసగా 18వ గెలుపు, మాంచెస్టర్ సిటీ పేరిట ఉన్న రికార్డుకు సమానం. లివర్‌పూల్ అంటే పడిచచ్చే మా వాడు గంతులు వేస్తుంటే, నేను సంచిలోంచి నోటుపుస్తకం తీసి "బిరుదు కదలలేదు" అని రాసుకున్నాను. "ఏ బిరుదు మామయ్యా?" అని అడిగాడు. అతడికి చెప్పడం పూర్తయ్యేసరికి అర్ధరాత్రి దాటింది.

ఎవరూ ప్రకటించని, ఎవరూ కప్పు చేయించని ఒక బిరుదు లెక్క ఆ పుస్తకంలో ఉంది. బాక్సింగ్‌లో విజేతను ఓడించినవాడే కొత్త విజేత. పట్టికలు, పాయింట్లు అక్కడ పనికిరావు. 1966లో ప్రపంచకప్పు గెలిచిన ఇంగ్లండును 1967 ఏప్రిల్ 15న వెంబ్లీలో స్కాట్లండు 3–2తో ఓడించినప్పుడు, ఇక ప్రపంచ విజేతలం మేమేనని స్కాట్లండు అభిమానులు వేళాకోళంగా చాటుకున్నారు. తరువాతి కాలంలో కొందరు ఆ వేళాకోళాన్నే పట్టుకొని, దేశాల మధ్య జరిగిన మొట్టమొదటి మ్యాచ్ దగ్గరనుంచి లెక్క కట్టారు. దాన్నే ఇంగ్లండు క్లబ్బులకు వర్తింపజేస్తే నా లెక్క అవుతుంది. ఇది మనకు కొత్త సంగతేమీ కాదు. ప్రౌఢదేవరాయల ఆస్థానంలో డిండిమభట్టును ఓడించి శ్రీనాథుడు సాధించిన గౌరవం ఈ తరహాదే, కాకపోతే అక్కడ కంచుఢక్కను పగలగొట్టించారు, ఇక్కడ ఢక్క ఓడినవాడి చేతినుంచి గెలిచినవాడి చేతికి మారుతుంది.

నియమాలు మూడే పెట్టుకున్నాను. బిరుదు ఉన్న జట్టును ఏ ఇంగ్లండు క్లబ్బు ఓడిస్తే బిరుదు దానిదే. మ్యాచ్ సమమైతే ఉన్నచోటే ఉంటుంది. విదేశీ జట్లతో ఆడినవీ స్నేహపూర్వక మ్యాచులూ లెక్కకు రావు. 2019 మేలో లీగ్ గెలిచిన మాంచెస్టర్ సిటీతో దారం మొదలుపెట్టాను. సెప్టెంబరు 14న నార్విచ్ అనే చిన్న జట్టు సిటీని 3–2తో ఓడించి బిరుదు పట్టుకుపోయింది, సరిగ్గా వారానికి బర్న్లీకి అప్పగించింది. అక్టోబరు 19న అది లెస్టర్‌కు చేరింది. లెస్టర్ దాన్ని తొమ్మిది వారాలు కాపాడుకుంది. అందులో ఒక రాత్రి సౌతాంప్టన్‌ను దాని సొంత మైదానంలో 9–0తో చితకబాదడం కూడా ఉంది. డిసెంబరు 21న సిటీ మళ్ళీ లాక్కుంది, 27న వుల్వ్స్ చేతిలో పోగొట్టుకుంది, వుల్వ్స్ రెండు రోజులైనా నిలుపుకోలేక 29న ఆన్‌ఫీల్డ్‌లో 0–1తో ఓడింది. ఆనాటినుంచి అది లివర్‌పూల్ సొత్తు. మా వాడు అంతా విని, "అయితే ఇది కూడా మాదేనా!" అన్నాడు.

ఫిబ్రవరి 25, మంగళవారం, లండన్

ఉదయం యూస్టన్‌లో దిగి, భూగర్భ రైల్లో ఓవల్ స్టేషనుకు వెళ్ళాను. ఓవల్ అనగానే తెలుగువాడికి గుర్తొచ్చేది క్రికెట్. 1971లో ఇంగ్లండు గడ్డ మీద భారత్ మొదటి టెస్టు గెలిచింది ఇక్కడే, గెలుపు పరుగులు కొట్టింది హైదరాబాదు ఆటగాడు ఆబిద్ అలీ. ప్రహరీ వెంట నడుస్తూ నేను వెతికినది మాత్రం అంతకు 99 ఏళ్ళ కిందటి సంగతి.

1872 మార్చి 16న, ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘం నడిపే ఎఫ్.ఏ. కప్పు తొలి ఫైనల్ ఈ మైదానంలోనే జరిగింది. వాండరర్స్ అనే జట్టు రాయల్ ఇంజనీర్స్ అనే సైనికుల జట్టును 1–0తో ఓడించింది. ఈ పోటీని ప్రతిపాదించినవాడు చార్లెస్ ఆల్కాక్. ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శీ ఆయనే, ఓవల్‌లో ఆడే సర్రే క్రికెట్ క్లబ్బుకు కార్యదర్శీ ఆయనే, గెలిచిన వాండరర్స్‌కు సారథీ ఆయనే. ఇన్ని టోపీలు ఒకే తలమీద ఉంటే ఫైనల్ ఎక్కడ జరుగుతుందో వేరే చెప్పాలా!

నాకు కావలసిన సంగతి ఆ మరుసటి ఏడాదిలో ఉంది. ఈ కప్పు అసలు పేరులో "ఛాలెంజ్" అనే మాట ఊరికే చేరలేదు. మొదట అనుకున్న పద్ధతి ప్రకారం కప్పు చేతిలో ఉన్నవాళ్ళు తక్కిన మ్యాచులేవీ ఆడనక్కరలేదు. మిగిలిన జట్లన్నీ తమలో తాము పోరాడి ఒక సవాలుదారును తేల్చుకుంటే, ఆ ఒక్కరితో ఆడితే చాలు. మైదానాన్ని ఎంచుకునే హక్కు కూడా వాళ్ళదే. 1873లో వాండరర్స్ అలాగే నేరుగా ఫైనల్ ఆడి, లిల్లీ బ్రిడ్జ్ మైదానంలో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం జట్టును 2–0తో ఓడించింది. ఆ రోజు మధ్యాహ్నం థేమ్స్ నదిలో పడవ పందెం ఉండటంతో, జనం దానికి వెళ్ళిపోతారన్న భయం కొద్దీ మ్యాచ్‌ను పొద్దున్నే ముగించారు. ఆ పద్ధతి ఆ ఒక్క ఏడుతోనే అంతరించింది. అంటే నా నోటుపుస్తకంలోని ఆలోచన ఒకప్పుడు అధికారిక నియమమే. దాన్ని వదిలేశాక అనధికారికమైంది.

సాయంత్రం ఫ్లీట్ స్ట్రీట్‌కు వెళ్ళాను. 1888 మార్చి 23న ఇక్కడి ఆండర్టన్స్ హోటల్లో కొన్ని క్లబ్బుల ప్రతినిధులు కూర్చొని, ప్రతి జట్టూ ప్రతి జట్టుతో సొంత ఊళ్ళో ఒకసారి, ఎదుటి ఊళ్ళో ఒకసారి ఆడే లీగ్ గురించి చర్చించారు. ఆ హోటల్ ఇప్పుడు లేదు. చినుకుల్లో పది నిమిషాలు నిలబడి వెనక్కి వచ్చేశాను.

ఫిబ్రవరి 26, బుధవారం, ప్రెస్టన్

యూస్టన్ నుంచి ఉత్తరానికి రెండు గంటలకు పైగా రైలు ప్రయాణం. ఈ నెలలో సియారా, డెన్నిస్ అనే రెండు తుపానులు ఒకదాని వెంట ఒకటి వచ్చిపోయాయి. దారి పొడుగునా పొలాలు చెరువుల్లా ఉన్నాయి, నీళ్ళలో కంచె గుంజల తలలు మాత్రం పైకి కనిపిస్తున్నాయి.

స్టేషను నుంచి డీప్‌డేల్ మైదానానికి నడిచి వెళ్ళాను. బయట టామ్ ఫిన్నీ విగ్రహం ఉంది. ప్రెస్టన్‌లో పుట్టి, కుళాయిల పని నేర్చుకొని, ఆటలో పేరు వచ్చాక కూడా ఆ వృత్తిని వదలని మనిషి. లీగ్‌లో ఈ ఒక్క క్లబ్బుకే ఆడాడు. 1956లో చెల్సీ మైదానంలో నిలిచిన నీటిలోంచి బంతితో దూసుకుపోతుండగా తీసిన ఫొటో ఆధారంగా విగ్రహాన్ని చెక్కారు. చుట్టూ నీటి ధారలు చిమ్ముతుంటాయి. ఆ రోజు పైనుంచి కూడా నీళ్ళు పడుతుండటంతో ఏది శిల్పంలోదో ఏది ఆకాశంలోదో తెలియలేదు.

క్లబ్బుల బిరుదు పరంపరను మొదటినుంచీ చెప్పాలంటే ఈ ఊరితోనే మొదలుపెట్టాలి. 1888 సెప్టెంబరు 8న లీగ్ మొదటి రోజున ఐదు మ్యాచులు జరిగాయి, నాలుగింటిలో ఫలితం తేలింది. మరి తొలి బిరుదుదారు ఎవరు? బోల్టన్‌ను 6–3తో ఓడించిన డెర్బీయా, బర్న్లీని 5–2తో ఓడించిన ప్రెస్టనా, ఎవర్టనా, వెస్ట్ బ్రామా? నేనైతే ప్రెస్టన్ అంటాను. అందుకు కారణం ఆ రోజు ఆట కాదు, ఆ తరువాత జరిగినదంతా. ఆ ఏడు ప్రెస్టన్ 22 లీగ్ మ్యాచుల్లో 18 గెలిచి, నాలుగు సమం చేసి, ఒక్కటి కూడా ఓడలేదు. 74 గోల్సు వేసి 15 మాత్రమే ఇచ్చింది. ఎఫ్.ఏ. కప్పులోనైతే ప్రత్యర్థికి ఒక్క గోలు కూడా ఇవ్వకుండా ఫైనల్లో వుల్వ్స్‌ను 3–0తో ఓడించింది. లీగ్ లెక్క చూసినా, కప్పు కలిపి చూసినా, బిరుదు ఈ ఊరు దాటి అడుగు బయట పెట్టలేదు.

ఈ జట్టును కూర్చినవాడు విలియం సడెల్. నూలు మిల్లులో మేనేజరుగా పనిచేస్తూ స్కాట్లండు నుంచి మంచి ఆటగాళ్ళను రప్పించాడు. డబ్బులిచ్చి ఆడిస్తున్నారన్న ఫిర్యాదుతో 1884లో ప్రెస్టన్‌ను కప్పు పోటీనుంచి తొలగిస్తే, అవును, ఇస్తున్నామని ఒప్పుకున్నాడు. మరుసటి ఏడాది జీతానికి ఆడటాన్ని సంఘం చట్టబద్ధం చేయక తప్పలేదు. 1887లో హైడ్ అనే జట్టును 26–0తో ఓడించింది కూడా ఈ ప్రెస్టనే. ఇంత చేసిన సడెల్ 1895లో మిల్లు సొమ్ము వాడుకున్న నేరానికి జైలు పాలయ్యాడు. మైదానంలో ఒకవైపు కట్టడానికి "ఇన్‌విన్సిబుల్స్" అని పేరు పెట్టారు. అజేయులు అనే ఆ మాటను లండన్‌లో ఆర్సెనల్ అభిమానులు తమ 2004 జట్టుకు వాడుకుంటారు. ఆ ఏడు ఆర్సెనల్ లీగ్‌లో ఓడకపోయినా కప్పుల్లో ఓడింది. కాబట్టి నా ఓటు ప్రెస్టన్‌కే.

ఫిబ్రవరి 27, గురువారం, మాంచెస్టర్

ఒకప్పుడు డీప్‌డేల్‌లోనే ఉండిన జాతీయ ఫుట్‌బాల్ మ్యూజియాన్ని 2012లో మాంచెస్టర్‌కు తరలించారు. అద్దాల భవనం, బడిపిల్లల గుంపులు. మధ్యాహ్నం దాకా తిరిగాను గానీ, కప్పులూ చొక్కాలూ నన్ను పెద్దగా పట్టి నిలపలేదు. నేను వెతుకుతున్నది అద్దాల పెట్టెలో పెట్టగలిగేది కాదు.

అక్కడినుంచి పికడిల్లీ గార్డెన్స్ వైపు నడిచాను. 1888 ఏప్రిల్ 17న ఇక్కడి రాయల్ హోటల్లో పన్నెండు క్లబ్బులతో లీగ్ ఖాయమైంది, హోటల్ ఇప్పుడు లేదు. అదే 1888లో మన సిమ్లాలో బ్రిటిషు సైనికుల కోసం డ్యూరండ్ కప్పు పుట్టింది. 1950ల తొలినాళ్ళలో రోవర్స్ కప్పును వరుసగా ఐదేళ్ళు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు ఆ డ్యూరండ్‌నూ గెలుచుకుంది. ఆ ఐదేళ్ళకు మన దేశంలో ఎవరైనా ఇలాంటి నోటుపుస్తకం రాస్తే బాగుంటుంది.

సాయంత్రం ట్రాములన్నీ ఎర్ర కండువాలతో నిండి ఓల్డ్ ట్రాఫర్డ్ వైపు వెళుతున్నాయి. మాంచెస్టర్ యునైటెడ్ ఆ రాత్రి బెల్జియం జట్టు క్లబ్ బ్రూజ్‌ను 5–0తో ఓడించిందని తెలిసింది. విదేశీ జట్టు కాబట్టి నా పుస్తకం తెరవలేదు.

ఫిబ్రవరి 28, శుక్రవారం, బర్మింగ్‌హామ్

హోర్హే అనే మూడో తుపాను నాతోపాటే బర్మింగ్‌హామ్‌లో దిగినట్టుంది. గొడుగు స్టేషను బయటే విరిగిపోయింది.

పెర్రీ బార్ చూడాలని వచ్చాను. 1889–90 సీజను రాగానే ప్రెస్టన్ స్టోక్‌ను 10–0తో ఓడించింది. అలాంటి జట్టు వారం తరువాత, సెప్టెంబరు 21న, పెర్రీ బార్‌లోని వెల్లింగ్టన్ రోడ్ మైదానానికి వచ్చి ఆస్టన్ విల్లా చేతిలో 3–5తో ఓడింది. లీగ్ చరిత్రలో ప్రెస్టన్‌కు అదే తొలి ఓటమి. నా లెక్కలో బిరుదు మొట్టమొదటిసారి చేతులు మారిన చోటు ఇదే. అక్కడ ఇప్పుడు ఇళ్ళున్నాయి. పక్కనే 2022 కామన్వెల్త్ క్రీడల కోసం క్రేన్లు పనిచేస్తున్నాయి. ఏ గోడ దగ్గర గోలుకంబం ఉండేదో ఊహించుకుంటూ వానలో రెండు వీధులు తిరిగాను. కిటికీలోంచి ఒక పెద్దావిడ నన్ను అనుమానంగా చూసింది. నేను వెతుకుతున్నది ఫలానా అని ఆమెకు ఏమని చెప్పను?

విల్లా పార్క్ ముందు విలియం మెక్‌గ్రెగర్ విగ్రహం ఉంది. స్కాట్లండు నుంచి వచ్చి ఇక్కడ బట్టల దుకాణం పెట్టుకున్న ఈ విల్లా సభ్యుడే, 1888 మార్చి 2న క్లబ్బులకు ఉత్తరం రాసి లీగ్ ఆలోచనకు నాంది పలికాడు. సరుకు అమ్ముకునే మనిషి కాబట్టి, ఫలానా తేదీన ఫలానా మ్యాచ్ తప్పకుండా జరుగుతుందన్న భరోసా లేకపోతే జనం టికెట్టు కొనరని ఆయనకు తెలిసి ఉంటుంది.

విల్లా అభిమానులు ఆదివారం వెంబ్లీలో సిటీతో లీగ్ కప్పు ఫైనల్‌కు సిద్ధమవుతున్నారు. దుకాణం దగ్గర మాట కలిసిన ఒకాయనకు నా లెక్క చెబితే, "డిసెంబరులో మేము లివర్‌పూల్‌ను 5–0తో ఓడించాం కదా, అది మాకే రావాలి" అన్నాడు. నిజమే, డిసెంబరు 17న ఓడించారు. అసలు జట్టు ఖతర్‌లో ఉండటంతో లివర్‌పూల్ ఆ రాత్రి కుర్రాళ్ళను దింపింది. కుర్రాళ్ళయినా ఓటమి ఓటమే గానీ, ఆ నాటికి బిరుదు ఇంకా లెస్టర్ దగ్గరే ఉంది. పన్నెండు రోజులు ఆగి ఓడించి ఉంటే దక్కేది. ఆయన కాసేపు వేళ్ళు మడిచి లెక్క చూసుకొని, ఇంతకంటే అన్యాయమైన పోటీని తన జన్మలో వినలేదని వెళ్ళిపోయాడు.

ఫిబ్రవరి 29, శనివారం, వాట్‌ఫర్డ్

బిరుదు తనంతట తానే మా ఊరికి వచ్చిన రోజు. లివర్‌పూల్ వాట్‌ఫర్డ్‌లో ఆడుతోంది. పట్టికలో 22 పాయింట్ల ఆధిక్యంతో మొదటి స్థానంలో ఉన్న జట్టు ఒకవైపు, అడుగునుంచి రెండో స్థానంలో ఉన్న జట్టు మరోవైపు. టికెట్లు దొరకలేదు. మధ్యాహ్నం ఇద్దరమూ వికరేజ్ రోడ్ మైదానం దాకా నడిచి, పక్కనున్న పెద్దాసుపత్రి గోడ వెంట ఒక చుట్టు తిరిగి, వాట్‌ఫర్డ్ పాత మేనేజరు గ్రేయం టేలర్ విగ్రహం దగ్గర పసుపు కండువాల మధ్య కాసేపు నిలబడి, సాయంత్రం ఐదున్నర ఆటకు ఇంటికి వచ్చేశాం. మా వాడి ఇంటికీ మైదానానికీ మధ్య నాలుగు వీధులే.

మొదటి సగం గోలు లేకుండా గడిచింది. వాట్‌ఫర్డ్ ఆటగాడు డెలొఫేయు మోకాలు దెబ్బతిని స్ట్రెచరు మీద వెళ్ళిపోయాడు. విరామం తరువాత తొమ్మిది నిమిషాలకు కాబోలు, టీవీలో వాట్‌ఫర్డ్ వాళ్ళు పక్కగీత దగ్గర బంతి విసరబోతున్నారు. అంతలో కిటికీ బయటినుంచి ఒక హోరు వినబడింది. తెరమీద ఇంకా ఏమీ జరగలేదు. ఉపగ్రహం తిరిగి వచ్చే బొమ్మ కంటే నాలుగు వీధుల అవతలి అరుపు ముందు చేరింది. మా వాడి ముఖం పాలిపోయింది. కొన్ని క్షణాలకు తెరమీద ఇస్మాయిలా సార్ బంతిని గోల్లోకి నెట్టాడు. ఆరు నిమిషాల తరువాత మళ్ళీ అదే హోరు, మళ్ళీ సార్. ఇక మా వాడు తెర చూడటం మానేసి కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. 72వ నిమిషంలో మూడోసారి హోరు వచ్చినప్పుడు, "ఎవరో మీరే చూసి చెప్పండి మామయ్యా" అన్నాడు. ట్రాయ్ డీనీ. 3–0.

లివర్‌పూల్ లీగ్‌లో వరుసగా 44 మ్యాచులు ఓడకుండా వచ్చింది. ఆర్సెనల్ 49 మ్యాచుల రికార్డు అలాగే మిగిలింది, 19వ వరుస గెలుపు రాలేదు. ఇవన్నీ టీవీలో చెప్పారు. టీవీలో చెప్పనిది నా పుస్తకంలో ఉంది: బిరుదుదారు, వాట్‌ఫర్డ్. మేనల్లుడి ముందు ఆ మాట రాయడానికి మనసొప్పక, అతడు వంటింట్లోకి వెళ్ళేదాకా ఆగాను.

మార్చి 1 నుంచి 6 వరకు

వానలు, బంధువుల ఇళ్ళు, కొన్నవీ కొననివీ. మంగళవారం రాత్రి ఎఫ్.ఏ. కప్పులో చెల్సీ లివర్‌పూల్‌ను 2–0తో ఓడించింది. మూడు రోజులు ఆలస్యమైంది. చెల్సీకి దానివల్ల తరువాతి దశ దక్కింది గానీ బిరుదు దక్కలేదు. ఊళ్ళో జనం చేతులు కడుక్కోవడం గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

మార్చి 7, శనివారం, సెల్‌హర్స్ట్ పార్క్

వాట్‌ఫర్డ్ తరువాతి మ్యాచ్ దక్షిణ లండన్‌లో క్రిస్టల్ ప్యాలెస్‌తో. శనివారం మధ్యాహ్నపు మ్యాచులను ఇంగ్లండులో టీవీలో చూపించరు, చిన్న క్లబ్బుల మైదానాలు ఖాళీ అవుతాయని పాత కట్టుబాటు. అందుకని ఎలాగైనా వెళ్ళి తీరాలనుకున్నాను. మా వాడి సహోద్యోగి ఒకరు రాలేకపోవడంతో ఒక టికెట్టు మిగిలింది.

నార్వుడ్ జంక్షన్‌లో దిగి ఇళ్ళ వరుసల మధ్యనుంచి నడిస్తే, మలుపు తిరిగేదాకా మైదానం ఉన్నట్టే తెలియదు. ఒక పక్క పెద్ద సూపర్‌మార్కెట్టు గోడ, మరో పక్క 1924లో కట్టిన ప్రధాన స్టాండు. ఆ స్టాండులో కూర్చుంటే ముందు స్తంభం అడ్డొస్తుంది. గోల్ దగ్గర ఏం జరిగిందో పక్కవాణ్ణి అడిగి తెలుసుకోవాలి. జట్లు వరసగా నిలబడ్డాయి గానీ కరచాలనం చేసుకోలేదు. ఆ వారమే లీగ్ దాన్ని వద్దంది. 28వ నిమిషంలో జోర్డాన్ అయూ గోలు వేశాడు, ఆట 1–0తో ముగిసింది. లివర్‌పూల్‌ను గడగడలాడించిన జట్టు ఇదేనా అనిపించింది. సార్, డీనీ ఇద్దరూ ఆ మధ్యాహ్నం మామూలు మనుషుల్లా కనిపించారు. వాట్‌ఫర్డ్ చేతిలో బిరుదు ఏడు రోజులుంది, నార్విచ్ దగ్గర ఉన్నన్ని రోజులే.

బయటికి వస్తుంటే ప్యాలెస్ అభిమానులు తమ జట్టు పట్టికలో ఎన్నో స్థానానికి ఎగబాకిందో లెక్కవేసుకుంటున్నారు. తమ దగ్గర ఇంకేదో కూడా ఉందని వాళ్ళెవరికీ తెలియదు. నేను చెప్పలేదు.

ఇంటికి వచ్చాక

మార్చి 9న విమానం ఎక్కాను. 13న కరోనా వల్ల లీగ్ ఆగిపోయింది. బిరుదు సెల్‌హర్స్ట్ పార్క్‌లో తాళం వేసిన గేట్ల వెనక ఉండిపోయింది. ఆటలు తిరిగి మొదలయ్యాక, జూన్ 20న ప్యాలెస్ బోర్న్‌మత్‌ను 2–0తో ఓడించి దాన్ని కాపాడుకుంది. జూన్ 24న ఆన్‌ఫీల్డ్‌కు వెళ్ళింది. మనకు అప్పుడు అర్ధరాత్రి దాటి ముప్పావు గంట. ప్రేక్షకుడు లేని మైదానంలో లివర్‌పూల్ 4–0తో గెలిచింది, 109 రోజుల తరువాత బిరుదు ప్యాలెస్‌ను వదిలింది. హోరు ముందుగా వినిపించే అవకాశం ఈసారి ఎవరికీ లేదు. అయినా మా వాడు ప్రతి గోలుకూ నా టీవీ కంటే ముందే ఫోన్ చేశాడు. మర్నాడు సిటీ చెల్సీ చేతిలో ఓడటంతో లివర్‌పూల్ ముప్పై ఏళ్ళ తరువాత నిజమైన విజేత కూడా అయింది. ఆ ఒక్క వారం, నా పుస్తకమూ లీగ్ పట్టికా ఒకే పేరు చెప్పాయి.

జూలై 2న సిటీ ఆ విజేతను 4–0తో ఓడించింది. మూడు రోజులకు సౌతాంప్టన్ సిటీని 1–0తో ఓడించి, సీజను ముగిసేదాకా బిరుదును ఎవరికీ ఇవ్వలేదు. అక్టోబరులో బిరుదుదారు లెస్టర్ చేతిలో తొమ్మిది గోల్సు తిన్న సౌతాంప్టన్ ఇదే. ఆ ఏటి పేజీలో చివరి పేరు దానిదే.